ఇంటింటి యంత్రశాస్త్రం: పెట్టెకొక గవాక్షం

గత సంచికలో నీటి పంపు మోటారు వేడెక్కడానికి గల కారణాలను గురించి ముచ్చటించుకొన్నాం. ఆ వ్యాసం చదివిన మిత్రులు కొందరు నన్ను దారిలో ఆపి, "మా ఇంట్లో కంప్యూటరు కూడా వేసవి మధ్యాహ్నాలలో తనంతట తానే ఆగిపోతున్నది, దానికి మరొక ఫ్యాను బిగించుకోవచ్చునా?" అని అడిగారు. నిస్సందేహంగా బిగించుకోవచ్చు. అయితే అసలు అవసరమున్నదా, ఉంటే ఎక్కడ బిగించాలి, గాలి ఏ దిక్కుగా వీచేట్లు బిగించాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన పిమ్మటనే డ్రిల్లింగు మిషను చేతబట్టాలి. ఈ వరుసను తలక్రిందులు చేసి చేయి కాల్చుకొన్నవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు గనుక, స్వానుభవంతోనే ఈ నెల శీర్షికను ప్రారంభిస్తాను.

మా అబ్బాయి ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉండగా, ప్రాజెక్టు పని నిమిత్తం వేసవి సెలవులకు ఇంటికి వచ్చాడు. మా ఇంట్లోని కంప్యూటరు ఎనిమిదేళ్ళ క్రితం విడిభాగాలు కొని కూర్పించినది. ఏప్రిల్ నెలాఖరు నుండి అది మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఉన్నట్లుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఉదయం మాత్రం చక్కగా పనిచేసేది. ఒకనాడు ఇంటికి వచ్చిన బంధువుల ఎదుటే నేను వాణ్ణి మందలించాను. "రాత్రంతా ఆటలాడి యంత్రాన్ని పాడుచేశావు" అన్నాను. "ఆటలు కాదు నాన్నా, లెక్కలు నడుస్తున్నాయి. సగంలో ఆగిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి" అని వాడు చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. మరునాటి నుండి వాడు కంప్యూటరు గదిలోకి వెళ్ళడం మానేశాడు. నాతో మాటలు కూడా తగ్గించాడు.

మరమ్మతు దుకాణంలో చూపిస్తే, మదర్‌బోర్డు మార్చవలసిందేనన్నారు. దాని వెల విన్న తరువాత నేను మరింత చిరాకుపడ్డాను. అప్పుడు మా ఆవిడ ఒక మాట అన్నది. "ఏమండీ, మీ ప్లాంటులో యూనిట్టు ట్రిప్పయితే ముందు ఆపరేటరును తిడతారా, చార్టు చూస్తారా?"

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఇతరులకు చెబుతూ వచ్చిన పాఠమది. యూనిట్టు ఆగిందంటే, ఏదో ఒక రక్షణ వ్యవస్థ తన విధిని తాను నిర్వర్తించిందన్న మాట. మొదట కనుగొనవలసినది ఏ రక్షణ పనిచేసింది, ఎందుకు పనిచేసింది అన్నదే. ఆ సాయంత్రమే ఒక నోటు పుస్తకం తెరిచి, గది ఉష్ణోగ్రత, ప్రాసెసరు ఉష్ణోగ్రత, సమయం అని మూడు గడులు గీశాను. ప్రాసెసరు వేడిని తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కరలేదు. అందులోనే అమర్చిన సెన్సారు చెప్పే అంకెను బయాస్ తెరమీద గాని, ఉచితంగా లభించే చిన్న ప్రోగ్రాముల ద్వారా గాని చూడవచ్చు. బయాస్ తెర యంత్రం ఖాళీగా ఉన్నప్పటి వేడిని మాత్రమే చూపుతుంది గనుక, పని నడుస్తుండగా చూడడానికి ప్రోగ్రామే మేలు.

రెండు రోజులలోనే సంగతి తేలిపోయింది. ఉదయం గదిలో 30 డిగ్రీలున్నప్పుడు, పూర్తి పనిభారం మీద ప్రాసెసరు 86 డిగ్రీల వద్ద నిలకడగా ఉన్నది. మధ్యాహ్నం గదిలో 39 డిగ్రీలున్నప్పుడు అదే పనికి 95 డిగ్రీలకు చేరుకొని ఆగిపోయింది. మా మదర్‌బోర్డు అమరికలలో ఆపివేసే హద్దు 95 వద్దనే పెట్టి ఉన్నది. గది తొమ్మిది డిగ్రీలు పెరిగితే ప్రాసెసరు కూడా తొమ్మిది డిగ్రీలు పెరిగింది. యంత్రం చెడిపోలేదు. తన్ను తాను కాపాడుకొంటున్నది. మా అబ్బాయి తప్పు అందులో అణుమాత్రం లేదు.

ఫ్యాను చేయగలిగినదేమిటి?

కంప్యూటరు లోపల ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి దాదాపుగా అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఇది మోటారు వలె నీటిని పైకెత్తదు, మర వలె పిండి విసరదు. రెండువందల వాట్లు తీసుకొన్న కంప్యూటరు గదిలో రెండువందల వాట్ల హీటరుతో సమానమే. ఆ వేడి పెట్టెలో నుండి వెలుపలికి పోవడానికి గాలి తప్ప మరొక వాహనం లేదు.

ఎంత గాలి కావాలన్నది చిన్న లెక్క. నలభై డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.13 కిలోలు. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,005 జౌళ్ళ శక్తి పడుతుంది. పెట్టెలో ప్రవేశించిన గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి వెలుపలికి రావాలని కోరుకొంటే, 200 వాట్లను మోసుకుపోవడానికి సెకనుకు సుమారు 17.6 లీటర్ల గాలి కావాలి. అంటే నిమిషానికి ఒక ఘనపు మీటరు పైచిలుకు. ఫ్యాన్ల మీద ముద్రించే కొలతలో చెప్పాలంటే సుమారు 37 సి.ఎఫ్.ఎం., అనగా నిమిషానికి 37 ఘనపుటడుగులు. అంతకంటే తక్కువ గాలి వెళితే లోపలి వేడి ఆ మేరకు పెరుగుతుంది.

ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి. మొదటిది, ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. గదిలో 39 డిగ్రీలుంటే పెట్టెలో అంతకు తక్కువ ఎన్నటికీ రాదు. రెండవది, ఫ్యాను మీద ముద్రించిన అంకె దానికి ముందూ వెనుకా ఏ అడ్డూ లేనప్పటిది. జాలీలు, వైర్లు, ఇరుకు సందులు అడ్డుపడితే అందులో సగం కూడా దక్కకపోవచ్చు. అందువల్ల ఫ్యాను ఎంత బలమైనది అన్నదాని కంటె, గాలికి దారి ఎంత సుగమంగా ఉన్నది అన్నదే ముఖ్యం.

ఫ్యాను లేకుండానే పని జరిపించాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. ఆపిల్ సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్‌కు ఫ్యాను చప్పుడంటే గిట్టేది కాదు. ఆ సంస్థ 1977లో విడుదల చేసిన ఆపిల్ టూ, 1980 నాటి ఆపిల్ త్రీ, 1984 నాటి తొలి మెకింతోష్, మూడూ ఫ్యాను లేకుండానే వచ్చాయి. వేడిని గురించిన ఫిర్యాదులు ఆపిల్ త్రీని వెంటాడాయి. మెకింతోష్ కొన్నవారు దాని నెత్తిన అట్టతో చేసిన పొగగొట్టం వంటిది నిలబెట్టి, వేడిగాలి పైకి పోయేట్లు చేసుకొన్నారు. 1987లో వచ్చిన మెకింతోష్ ఎస్.ఇ. నమూనాలో ఆ సంస్థే ఫ్యానును అమర్చింది. కాగా 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుకు విద్యుత్తును అందించే భాగం సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే అయినా, దానిలో ఫ్యాను మొదటినుండీ ఉన్నది. ఇప్పటి మేజా కంప్యూటర్లలో ప్రాసెసరు ఒక్కటే 65 వాట్లు తీసుకోవడం సర్వసాధారణం. కాబట్టి గాలిని నిర్లక్ష్యం చేయడానికి వీలులేదు.

కోయడానికి ముందు చేయవలసినది

మూత తీసి చూసినప్పుడు మా పెట్టెలో కనిపించిన దృశ్యం సిగ్గుపడదగినదే. ప్రాసెసరు మీది అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకొని ఉన్నది. యంత్రాన్ని పూర్తిగా ఆపి, తీగ పీకి, ఆరుబయట బ్లోయరుతో శుభ్రం చేశాను. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఉంచాలి, లేకుంటే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ప్రాసెసరుకూ లోహపు రెక్కలకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి పెచ్చులు లేస్తున్నది. దానిని తుడిచి కొత్తది పలుచగా పూశాను. ఈ రెండు పనులతోనే, గది 39 వద్ద ఉండగా ప్రాసెసరు 90కి దిగింది. చాలామంది ఇళ్ళలో కథ ఇక్కడితో ముగుస్తుంది. పెట్టెను కోయవలసిన అవసరమే రాదు.

మా కథ ముగియలేదు. మే రెండవ వారంలో గదిలోనే 42 డిగ్రీలు దాటడంతో అంకె మళ్ళీ 95 వైపు పాకింది. అప్పుడొక పరీక్ష చేశాను. ఇది ప్రతివారూ చేయదగినది. పక్క పలకను తీసివేసి, అదే పనిభారం మీద, అదే గది వేడిమిలో మళ్ళీ కొలవాలి. అంకె ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గకపోతే లోపం ప్రాసెసరు ఫ్యానులోనో పేస్టులోనో ఉన్నట్లు. అయిదు డిగ్రీలకు మించి తగ్గితే పెట్టెకు ఊపిరాడడం లేదన్నట్లు. గది 39 వద్ద ఉన్నప్పుడు మాకు 90 నుండి 80కి దిగింది. ఆ పది డిగ్రీల భారమూ పెట్టెదే.

పలకను అలాగే తెరచి ఉంచరాదా అని అడగవచ్చు. మన టౌన్‌షిప్పులలో బూడిద దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. పైగా వెచ్చని చోటు వెదుక్కొంటూ వచ్చే బల్లులు ఉండనే ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో అది అసలే తగదు.

నేను చేసిన పొరపాటు

పెట్టె వెనుక పైభాగాన గాలిని వెలుపలికి తోసే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి మొదటినుండీ ఉన్నది. దాని ప్రక్కనే 80 మిల్లీమీటర్ల ఫ్యానుకు సరిపడే ఖాళీ కంత కనిపించింది. కోత లేదు, శ్రమ లేదు అనుకొని, అక్కడొక చిన్న ఫ్యానును గాలి లోపలికి వచ్చేట్లు బిగించాను. చప్పుడు పెరిగింది. అంకె మాత్రం 90 నుండి కదలలేదు.

మా ప్రక్క క్వార్టరులో, బాయిలరు నిర్వహణ విభాగంలో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు కుమారుని వద్ద ఉంటున్నారు. ఆయనను పిలిచి చూపించాను. ఒక్క క్షణం చూసి నవ్వారు. "ఐ.డి. ఫ్యాను పక్కనే ఎఫ్.డి. ఫ్యాను పెట్టావేమిటి బాబూ? గొట్టంలోంచి వచ్చిందాన్నే మళ్ళీ పొయ్యిలోకి తోస్తున్నావు" అన్నారు. తరువాత మా అబ్బాయిని కేకవేసి ఒక అగరువత్తి తెమ్మన్నారు. వెలిగించిన అగరువత్తిని పెట్టె చుట్టూ మెల్లగా త్రిప్పారు. వెనుక పెద్ద ఫ్యాను వెలువరించిన గాలితో పాటు పొగ వంకర తిరిగి, చిన్న ఫ్యాను నోటిలోకి దూరడం మా ముగ్గురికీ స్పష్టంగా కనిపించింది. ముందువైపు, అడుగు భాగాన పొగ కదలకుండా నిటారుగా లేచింది. అక్కడ గాలికి ద్వారమే లేదు. అందమైన ప్లాస్టిక్ ముఖం వెనుక ఇనుప రేకు బోసిగా మూసుకొని ఉన్నది.

విద్యుత్కేంద్రాలలో పనిచేసే మనకు ఇందులో క్రొత్త ఏమీ లేదు. బాయిలరుకు ఎఫ్.డి. ఫ్యాన్లు గాలిని లోపలికి పంపుతాయి, ఐ.డి. ఫ్యాన్లు వాయువులను వెలుపలికి లాగుతాయి. రెండింటికీ నడుమ కొలిమి ఉంటుంది. గాలి కొలిమిని దాటి పోవాలి తప్ప, దానిని తప్పించుకొని పోరాదు. కంప్యూటరు పెట్టెలో ముందు అడుగు భాగం ఎఫ్.డి. స్థానం, వెనుక పై భాగం ఐ.డి. స్థానం. చల్లని గాలి క్రింద ప్రవేశించి, వేడి భాగాలను తాకుతూ ఏటవాలుగా పైకి సాగి, వెనుక నుండి వెళ్ళిపోవాలి. వేడిగాలి సహజంగా పైకి లేచే దిశ కూడా అదే. ఒక్క భేదమున్నది. కొలిమిలోని వేడి వాయువులు బయటికి చిమ్మకుండా అక్కడ ఒత్తిడిని వాతావరణం కంటె కొంచెం తక్కువగా ఉంచుతాం. కంప్యూటరులో లోపలికి వచ్చే గాలిని కొంచెం ఎక్కువగా ఉంచడం మంచిది. అప్పుడు ప్రతి సందునుండీ గాలి బయటికే పోతుంది, దుమ్ము జాలీ గుండా తప్ప మరోదారిన ప్రవేశించలేదు.

పెంకుటిళ్ళు కట్టిన మన పెద్దలు కిటికీకి ఎదురుగా కిటికీని, పొయ్యికి పైన గవాక్షాన్ని ఎందుకు ఉంచారో ఆ అగరువత్తి పొగను చూస్తుంటే నాకు బోధపడింది.

కోత, బిగింపు

ఇక ఆచరణకు వద్దాం. పాతకాలపు మూసిన పెట్టెలకు మాత్రమే ఇది అవసరం. ముందు భాగమంతా జాలీగా ఉన్న నేటి పెట్టెలలో ఫ్యాను స్థానాలు సిద్ధంగానే ఉంటాయి. గ్యారంటీ గడువు తీరని యంత్రానికి కోత పెడితే ఆ హక్కు పోగొట్టుకొంటారు. ల్యాప్‌టాప్‌ల జోలికి అసలే పోవద్దు.

మొదట ముఖ్యమైన ఫైళ్ళన్నింటికీ మరొక ప్రతి తీసి వేరే చోట భద్రపరచాలి. పిమ్మట తీగ పీకి, మదర్‌బోర్డు, డిస్కులు, విద్యుత్ సరఫరా పెట్టెతో సహా సమస్తం విప్పి బయటపెట్టాలి. బోర్డు మీద గుడ్డ కప్పి పని కానిద్దామనే ఆలోచన వద్దు. కంటికి కనిపించని ఒక్క ఇనుప రజను తునక బోర్డులో రెండు తీగల మధ్య పడితే యంత్రం ఆయువు తీరిపోతుంది. విద్యుత్ సరఫరా పెట్టె మూతను మాత్రం ఎన్నడూ విప్పరాదు. తీగ పీకిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలువ ఉండవచ్చు.

ఫ్యాను పరిమాణంలో వీలయినంత పెద్దదానినే ఎన్నుకోవాలి. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి, చిన్న ఫ్యాను వేగంగా తిరిగి ఇచ్చేటంత గాలిని తక్కువ చప్పుడుతో ఇస్తుంది. సాధారణంగా 120 మిల్లీమీటర్ల ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు. ముందు రేకు వెనుక ఆ మందానికి చోటున్నదా, డిస్కుల చట్రం అడ్డు వస్తుందా అని ముందే చూసుకోవాలి. ఇక్కడొక హెచ్చరిక. కంట్రోలు ప్యానెళ్ళలో వాడే ఫ్యాన్లు కూడా చూడడానికి అచ్చం ఇలాగే ఉంటాయి. కాని వాటిలో చాలావరకు 230 వోల్టుల ఎ.సి. మీద నడిచేవి. కంప్యూటరుకు కావలసినది 12 వోల్టుల డి.సి. ఫ్యాను. స్టోర్సులో ఉన్నది ఎలాగూ మనది కాదు గనుక, బజారులో కొనడమే రెండు విధాలా క్షేమం.

కాగితం మీద 105 మిల్లీమీటర్ల చతురస్రం గీయాలి. దాని నాలుగు మూలలే నాలుగు మరల స్థానాలు. ఎదురెదురు మూలల మధ్య దూరం 148.5 మిల్లీమీటర్లు వస్తే గీత సరిగా ఉన్నట్లు. కర్ణాలు కలిసే బిందువు నుండి సుమారు 57 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయాలి. రేకుకు రెండువైపులా మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద ఈ కాగితాన్ని అతికించాలి. ప్రతి బిందువు వద్ద సెంటరు పంచితో చిన్న గుంట పెట్టి, మొదట 3 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం చేసి, మరల చోట మాత్రం 4.5 మిల్లీమీటర్లకు పెంచాలి.

పెద్ద వృత్తానికి 114 మిల్లీమీటర్ల హోల్‌సా దొరికితే పని సులువు. రేకును రెండు చెక్కపలకల మధ్య క్లాంపులతో బిగించి, మిషనును తక్కువ వేగం మీద నడపాలి. పలుచని రేకు బిట్టుకు చిక్కుకొంటే గిర్రున తిరిగి చేతిని కోస్తుంది. అందుచేత రేకును చేత్తో పట్టుకొని డ్రిల్లు చేయడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి. తిరిగే మిషను దగ్గర చేతిజోళ్ళు, వదులు చొక్కా చేతులు ప్రమాదకరం. హోల్‌సా లేనివారు వృత్తానికి లోపలివైపున గొలుసుకట్టుగా 3 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, మధ్య బిళ్ళను ఉలితో తొలగించి, అర్ధగుండ్రని ఆకురాయితో అంచును సాపు చేయవచ్చు. మేము చేసినది ఈ పద్ధతిలోనే. పెద్దాయన ఆకురాయి పట్టుకోవడం మా అబ్బాయికి నేర్పారు. "తోసేటప్పుడే నొక్కు బాబూ, వెనక్కి లాగేటప్పుడు తేల్చు" అంటూ గంటసేపు ప్రక్కనే కూర్చున్నారు.

అంచులు నునుపైన పిమ్మట అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టె మూలమూలలా త్రిప్పితే రజను దానికి అంటుకొంటుంది. తరువాత తడిగుడ్డతో తుడిచి, కోసిన అంచుకు ఎనామిల్ రంగు వేసి, ఒక రోజు ఆరనివ్వాలి. లేకుంటే తొలకరికే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ ముఖానికి అడుగున చీలికలు కోయడమో, దానిని రేకు నుండి కొంచెం ఎడంగా నిలిపే గుబ్బలు పెట్టడమో చేయాలి. దీనిని మరచితే ద్వారం తెరచి ఎదుట గోడ కట్టినట్లే.

ఫ్యాను చట్రం మీద గాలి దిశను తెలిపే బాణం గుర్తు సాధారణంగా ఉంటుంది. లేకపోతే, మోటారును పట్టి ఉంచే ఆధారపు పుల్లలు ఉన్న వైపునుండి గాలి వెలుపలికి వస్తుందని గుర్తుంచుకోవాలి. ముందు ఫ్యానుకు ఆ వైపు పెట్టె లోపలికి ఉండాలి. వేళ్ళు, వైర్లు తగలకుండా తీగ జాలీ బిగించాలి. దుమ్ముకు వడపోతగా పలుచని నైలాను దోమతెర ముక్క చాలు. వత్తు గుడ్డ పెడితే గాలి ఆగిపోతుంది. తీగలను మదర్‌బోర్డు మీద ఫ్యానుకై కేటాయించిన పిన్నులకు కలపడం ఉత్తమం. అలా కుదరకపోతే విద్యుత్ సరఫరా పెట్టె నుండి వచ్చే నాలుగు తీగల కనెక్టరుకు తగిన అడాప్టరు దొరుకుతుంది. ఆ కనెక్టరులో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నలుపు రెండూ భూమి.

అన్నీ తిరిగి అమర్చి, నేను తొందరపడి పెట్టిన 80 మిల్లీమీటర్ల ఫ్యానును తొలగించి ఆ కంతకు అట్ట అంటించాము. ఆ మధ్యాహ్నం గదిలో సరిగా 39 డిగ్రీలు. మూత బిగించి, పూర్తి పనిభారం మీద గంటసేపు నడిపిన తరువాత ప్రాసెసరు 82 వద్ద నిలిచింది. పలక విప్పి ఉంచినప్పటి అంకెకు కేవలం రెండు డిగ్రీలు ఎక్కువ. ఈసారి అగరువత్తి పొగ ముందు అడుగున ప్రవేశించి వెనుక పైన వెలువడింది. ఖర్చు ఒక ఫ్యాను, కొంచెం రంగు. మదర్‌బోర్డు నేటికీ అదే.

ఈ తగ్గుదల విలువ ఆగిపోకుండా పనిచేయడంతోనే తీరిపోదు. బోర్డు మీది విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లు పది డిగ్రీల వేడి తగ్గితే సుమారు రెట్టింపు కాలం మన్నుతాయన్నది ఇంజనీర్లు వాడుకలో పాటించే లెక్క. నెలకొకసారి జాలీ గుడ్డను ఉతికి ఆరవేస్తే ఈ లాభం నిలుస్తుంది. పెట్టెను గోడకు ఆనించకుండా వెనుక జానెడు ఖాళీ వదలండి. బల్ల అరలో బంధించకండి.

ఆ రాత్రి భోజనాల వేళ, నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలనిపించి, ఆనాటి బంధువులలో ఒకరికి మా అబ్బాయి వింటుండగానే ఫోను చేశాను. "వాడి తప్పు కాదు. పెట్టెకు ఊపిరాడలేదు. నేను మూత విప్పి చూడకుండా మాట్లాడాను" అని చెప్పాను. వాడు తలవంచుకొని అన్నం కలుపుతూ, "నోటు పుస్తకం నాకివ్వండి నాన్నా. ప్రాజెక్టు రిపోర్టులో ఆ అంకెలు పెట్టుకొంటాను" అన్నాడు. మర్నాటి నుండి వాడు మళ్ళీ ఆ గదిలోనే కూర్చొని పనిచేశాడు. రిపోర్టు గడువులోగా పూర్తయింది. కృతజ్ఞతలు తెలిపిన పుటలో ప్రక్క క్వార్టరు తాతయ్యగారి పేరు నా పేరు కంటె పైన ఉన్నది. అది న్యాయమే.

మీ ఇంటి యంత్రం కూడా ఈ వేసవిలో అలిగి ఆగిపోతే, ఎవరినీ ఏమీ అనకముందు ఒక అగరువత్తి వెలిగించి చూడండి. వచ్చే సంచికలో ఇన్వర్టరు బ్యాటరీల పోషణను గురించి తెలుసుకొందాం. మీ సందేహాలను ఎప్పటివలె సంపాదకవర్గం ద్వారా పంపగలరు.